విజిబ్లీ, కాన్‌స్పిక్యువస్లీ, సెన్సిబ్లీ: అన్నిటికీ ‘స్పష్టంగా’ ఎందుకు సరిపోదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పాత ఇంగ్లీషు వచనాన్ని తెలుగు చేస్తుంటే విజిబ్లీ, నోటిసబ్లీ, పర్సెప్టిబ్లీ, కాన్‌స్పిక్యువస్లీ లాంటి మాటలు పేజీకొకటి తగులుతున్నాయి. నిఘంటువు తీస్తే అన్నిటికీ స్పష్టంగా, ప్రస్ఫుటంగా అనే ఉంది. నాలుగు పేజీలు దాటేసరికి మీ తెలుగు నిండా ‘స్పష్టంగా’లే. వీటికి నిజంగా తేడా ఉందా, లేక ఒకే మాటని మార్చి మార్చి వాడారా అని అడిగారు. నమూనాగా మూడు వాక్యాలు ఇచ్చారు: చలికాలం వెళ్ళేసరికి పెద్దాయన విజిబ్లీ డీలాపడ్డాడన్నది ఒకటి, విందులో ఇంటాయన తమ్ముడు కాన్‌స్పిక్యువస్లీ ఆబ్సెంట్ అన్నది రెండోది, ఉత్తరం చదివి ఆవిడ సెన్సిబ్లీ అఫెక్టెడ్ అయిందన్నది మూడోది.

తేడా ఉంది, చాలా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఈ వచనాన్ని చదువుతూ, చదివిస్తూ, అప్పుడప్పుడు తెలుగు చేస్తూ నేను తెలుసుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ క్రియావిశేషణాల అసలు పని ‘ఎంత బాగా కనిపించింది’ అని చెప్పడం కాదు. చూసే మనిషిని ఒకణ్ణి వాక్యంలోకి తీసుకురావడం. ‘అతను కదిలిపోయాడు’ అంటే కథకుడు అతని మనసులోకి వెళ్ళి చెబుతున్నాడు. ‘విజిబ్లీ కదిలిపోయాడు’ అనగానే ఆ గదిలో ఇంకొకరున్నారు, వాళ్ళ కళ్ళకి ఏదో పట్టుబడింది. కాబట్టి ఈ మాట ఎదురైన ప్రతిసారీ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఎంత స్పష్టంగా?’ అని కాదు, ‘ఎవరికి?’ అని. ఆ ప్రశ్న వేసుకుంటే తెలుగు మాట చాలాసార్లు దానంతటదే దొరుకుతుంది.

అసలు స్పష్టం అనే మాట మీద నాకు కోపం లేదు. దాని పుట్టుక తెలిస్తే మీకూ ముచ్చటేస్తుంది. సంస్కృతంలో స్పశ్ అనే ధాతువుకి చూడటం అని అర్థం. గూఢచారిని స్పశుడు అనడం అందుకే. లాటిన్‌లో దానికి తోబుట్టువు స్పెకెరె. కాన్‌స్పిక్యువస్ అన్నది ఆ స్పెకెరె నుంచి వచ్చింది. అంటే కాన్‌స్పిక్యువస్లీ అన్నచోట మీరు ‘స్పష్టంగా’ అని రాసినప్పుడు, వేల ఏళ్ళ కిందట విడిపోయిన తోబుట్టువుల్ని మళ్ళీ ఒకచోటికి తెచ్చారన్నమాట. కానీ తోబుట్టువులైనా కాపురాలు వేరు. మన స్పష్టం కంటిని వదిలేసి మాటల్లోకీ బుద్ధిలోకీ వెళ్ళి స్థిరపడింది. స్పష్టంగా చెప్పు, స్పష్టంగా అర్థమైంది, స్పష్టమైన హామీ అంటాం. ‘అతని ముఖంలో స్పష్టంగా బాధ’ అంటే అర్థమవుతుంది గానీ, ఆ వాక్యంలో చూసే మనిషి ఉండడు. ఏదో నివేదికలా ఉంటుంది.

విజిబ్లీతోనే మొదలుపెడదాం, ఎందుకంటే నవలల్లో ఎక్కువగా తగిలేది అదే. దాని పక్కన వచ్చే మాటలు గమనించండి: మూవ్డ్, అఫెక్టెడ్, ఏజిటేటెడ్, రిలీవ్డ్, పేలర్. అన్నీ లోపల జరిగేవి, పైకి తేలేవి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల మర్యాదస్తుల ఇళ్ళలో మనసులో ఉన్నది నోటితో చెప్పడం తక్కువ. పెళ్ళి మాటలైనా, అవమానమైనా, ఆస్తి పోయినా కుర్చీలో నిటారుగా కూర్చుని టీ తాగుతూనే మాట్లాడాలి. అలాంటి సమాజాన్ని రాసే రచయితకి ముఖమే ఆధారం. 1813 నాటి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో డార్సీ పెళ్ళి ప్రస్తావన తెచ్చి, ఎలిజబెత్ నిరాకరణ విన్న ఘట్టం తీసుకోండి. కోపంతో అతని రంగు పాలిపోయిందనీ, మనసులోని కలత ముఖంలోని ప్రతి రేఖలోనూ విజిబుల్ అయిందనీ రాస్తుంది జేన్ ఆస్టిన్. ఇక్కడ ఉన్నది విశేషణం, క్రియావిశేషణం కాదు. పని మాత్రం అదే. ఆ కలత ఎవరికి కనిపించింది? ఎదురుగా ఉన్న ఎలిజబెత్‌కి. అతని మనసులో ఏముందో ఆమెకీ తెలీదు, మనకీ తెలీదు. ఇద్దరికీ ఆ ముఖం ఒక్కటే ఉంది. ఆ వెంటనే అతను పైకి నిబ్బరంగా కనిపించడానికి పెనుగులాడుతున్నాడని కూడా చెబుతుంది. దాచుకోవాలని ఒకరు, కనిపెట్టే ఇంకొకరు. విజిబ్లీ అనే మాట నిలబడేది సరిగ్గా ఆ ఇద్దరి మధ్య.

తెలుగులో దీనికి నాకు బాగా పనికొచ్చిన మాట ‘పైకి’. పైకి తెలిసేంతగా, పైకే తెలుస్తోంది, పైకి కనిపించనివ్వలేదు. ‘పైకి’ అనగానే లోపల ఇంకా ఉందని తెలుగు పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. ‘చూస్తేనే తెలుస్తోంది’ ఇంకో మంచి దారి. కానీ అన్నిటికన్నా మంచి దారి, చాలామంది కొత్త అనువాదకులు వెళ్ళని దారి, క్రియావిశేషణాన్ని పూర్తిగా వదిలేయడం. మన క్రియల్లోనే ముఖం ఉంది. ముఖం చిన్నబోయింది, ముఖం వాడిపోయింది, తెల్లబోయాడు, నివ్వెరపోయింది, కళ్ళు చెమర్చాయి, ముఖం కందగడ్డ అయింది. ఇవన్నీ ఎదుటివాడు చూసి చెప్పే క్రియలే. తన గురించి తాను ‘నా ముఖం చిన్నబోయింది’ అనే మనిషి అరుదు. విజిబ్లీ డిజపాయింటెడ్ అన్నదానికి ‘ముఖం చిన్నబోయింది’ అంటే చాలు. దాని ముందు మళ్ళీ ‘స్పష్టంగా’ పెడితే, దీపం పక్కన దీపం పెట్టినట్టు ఉంటుంది.

నోటిసబ్లీ సంగతి వేరు. ఇది వయసులో చిన్న మాట. అసలు నోటిస్ అనే నామవాచకాన్ని క్రియగా వాడటమే పద్దెనిమిదో శతాబ్దం చివర కొందరు పెద్దలకి గిట్టలేదు. 1789 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ, తాను ఫ్రాన్సులో ఉండి వచ్చేలోపు ఇలాంటి కొత్త క్రియలు భాషలోకి చొరబడ్డాయని ఫిర్యాదు చేశాడు. ఆ జాబితాలో నోటిస్, అడ్వకేట్, ప్రోగ్రెస్ ఉన్నాయి. మూడింటిలోకీ ప్రోగ్రెస్ మరీ అసహ్యం అన్నాడు. ఈ మూడూ లేకుండా ఇవాళ పత్రిక ఒక్క రోజు కూడా వెలువడదు. క్రియ మీదే అంత అభ్యంతరం ఉన్నప్పుడు, దాని నుంచి నోటిసబుల్, దాని మీద నోటిసబ్లీ కుదురుకోవడానికి పంతొమ్మిదో శతాబ్దం కావలసి వచ్చింది. కాబట్టి మీ పుస్తకం పద్దెనిమిదో శతాబ్దానిదైతే ఈ మాట మీకు తగలదు. తగిలితే, ఆ ముద్రణలో ఎవరో భాషని సరళం చేశారేమో చూసుకోండి.

నోటిసబ్లీలో ముఖ్యం తేడా. ఇదివరకు ఒకలా ఉంది, ఇప్పుడు ఇంకోలా ఉంది, ఆ మార్పు చూసేవాడి దృష్టికి వచ్చింది. అందుకే దీని తర్వాత తరచు కూలర్, థిన్నర్, లెస్ లాంటి పోలిక మాటలొస్తాయి. ‘తేడా తెలిసేటంతగా’ అన్నది దీనికి చక్కగా అమరుతుంది. మార్కెడ్లీ కూడా ఈ వరసదే. కాకపోతే అందులో పోలిక ఇంకా గట్టిది, గీత గీసి చూపించినట్టు. ఒక చిన్న సంగతి: అందులో ఈడీ అక్షరాలని మింగేయరు, మార్క్-ఎడ్-లీ అని మూడు ముక్కలుగా పలుకుతారు. వచనాన్ని పైకి చదివి అనువదించేవాళ్ళకి ఆ లయ ముఖ్యం.

ఇక నాకు బాగా ఇష్టమైన జంట దగ్గరికి వస్తాను. పర్సెప్టిబ్లీ ఒకవైపు, ఇన్‌సెన్సిబ్లీ ఇంకోవైపు. పర్సెప్టిబ్లీ అంటే బాగా కనిపించడం కాదు. గుమ్మం దాటీ దాటగానే ఉన్నది. కాస్త తక్కువైతే అసలు తెలిసేదే కాదు. అందుకే పాత వచనంలో స్కేర్స్‌లీ, ఆల్మోస్ట్, బేర్లీ లాంటి మాటలు దీని కుటుంబాన్ని వదలవు. ‘స్పష్టంగా’ అని రాస్తే ఇక్కడ అర్థమే తలకిందులవుతుంది. దీనికి మన దగ్గర ఎంతో నాజూకైన మాటలున్నాయి: కనీ కనిపించనట్టు, తెలిసీ తెలియనట్టు, పట్టి చూస్తే తెలిసేంత. పెదవి పర్సెప్టిబ్లీ వణికిందంటే ‘పట్టి చూస్తే తెలిసేంతగా పెదవి వణికింది’. అలా రాశారంటే పట్టి చూసిన మనిషి కూడా వాక్యంలోకి వచ్చేశాడు.

ఇన్‌సెన్సిబ్లీ అంటే ఎవరికీ తెలియకుండా, చూసేవాడే లేకుండా జరిగింది అని. పద్దెనిమిదో శతాబ్దపు చరిత్రకారులకి ఇది ప్రాణం. రాజ్యాలు ఎలా కూలాయో, అలవాట్లు ఎలా మారాయో చెప్పాలంటే ఏ ఒక్క తరమూ చూడలేని మార్పు గురించి చెప్పాలి కదా. ఎడ్వర్డ్ గిబ్బన్‌కి ఈ మాట మీద ఎంత మక్కువంటే, రోమ్ చరిత్రలోనే కాదు, సొంత జీవితం రాసుకున్నప్పుడూ వాడాడు. యువకుడిగా స్విట్జర్లాండులో సుజాన్ కుర్షో అనే అమ్మాయిని ప్రేమించాడు. తండ్రి ఒప్పుకోలేదు. ప్రేమికుడిగా నిట్టూర్చాను, కొడుకుగా తలవంచాను అని రాసుకుని, ఆ వెంటనే ఆ గాయం కాలం వల్లా, దూరం వల్లా, కొత్త జీవితపు అలవాట్ల వల్లా ఇన్‌సెన్సిబ్లీ మానిపోయిందన్నాడు. ఆయన పోయాక, 1796లో అచ్చయింది ఆ ఆత్మకథ. ఆ ఒక్క మాటలో ఎంత విచారం ఉందో చూడండి. గాయం మానిన రోజు ఏదో గాయపడిన మనిషికే తెలియదు. దీన్ని ‘స్పృహ లేకుండా’ అని తెలుగు చేసిన ప్రతి నేను చూశాను. చదివి బాధపడ్డాను. ‘తెలియకుండానే మానిపోయింది’ అంటే చాలు. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ రాయకూడదు అక్కడ.

డార్విన్ కూడా ఇదే మాటని అందుకున్నాడు. 1859 నాటి ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్‌లో ప్రకృతి వరణం రోజురోజూ, గంటగంటా ప్రతి చిన్న మార్పునీ పరిశీలిస్తూ, సైలెంట్లీ అండ్ ఇన్‌సెన్సిబ్లీ పనిచేస్తూ పోతుందని రాశాడు. చరిత్రకారుడి మాట ప్రకృతి శాస్త్రవేత్త చేతికి వెళ్ళినా పని మారలేదు: చూసే కన్ను లేనంత నెమ్మది.

ఇప్పుడు మీ మూడో వాక్యం, సెన్సిబ్లీ అఫెక్టెడ్. ఇది నిజమైన గోతి. ఇవాళ సెన్సిబుల్ అంటే వివేకం, ఇంగితం ఉన్న మనిషి. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వేసేనాటికి పెద్ద అర్థం అది కాదు. ఇంద్రియాలకి తెలిసేది, అనుభవించగలిగేది అన్నవే ముఖ్యమైన అర్థాలు. వివేకం అన్న అర్థాన్ని చివరికి నెట్టి, అది లో కాన్వర్సేషన్‌లో, అంటే శిష్టులు కానివాళ్ళ సంభాషణలో కొన్నిసార్లు వినిపిస్తుందని రాశాడు. ఇవాళ ఆ చివరి అర్థమే ఇల్లంతా ఆక్రమించుకుంది. కాబట్టి పాత వచనంలో ఎవరైనా సెన్సిబ్లీ అఫెక్టెడ్ అయితే, వాళ్ళు తెలివిగా బాధపడటం లేదు. ఆ బాధ వాళ్ళ ఒంటికి తెలిసేంతగా, లేదా ఎదుటివాళ్ళకి తెలిసేంతగా తాకింది. వేడి సెన్సిబ్లీ తగ్గిందంటే చర్మానికి తెలిసేంత తగ్గింది. నేను మొదట్లో ఒక యాత్రాకథనం తెలుగు చేస్తూ గాలి ‘వివేకంగా’ చల్లబడిందని రాసే పరిస్థితి వచ్చింది. వాక్యం కుదరకపోవడంతో ఆగి, పెద్ద నిఘంటువు తీశాను. ఆనాటి నుంచి పాత పుస్తకం పని మొదలుపెడితే, దాని కాలానికి దగ్గరి నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకోవడం నాకు నియమమైంది. మీరూ పెట్టుకోండి. ఇవాళ్టి నిఘంటువు పాత మాటకి ఇవాళ్టి అర్థమే ముందు చెబుతుంది.

ఇలాగే జారిపోయినవి ఇంకో రెండున్నాయి: ఎవిడెంట్లీ, అపారెంట్లీ. ఇప్పుడు రెండూ ‘అలా ఉన్నట్టుంది’ అనే అనుమానం వైపు వెళ్ళాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో చూడండి. సంఖ్యాకాండం పన్నెండో అధ్యాయంలో దేవుడు మోషేతో ముఖాముఖిగా, అపారెంట్లీ మాట్లాడతాననీ, గూఢమైన మాటలతో కాదనీ అంటాడు. ఇవాళ్టి అర్థంలో చదివితే ‘మాట్లాడతాడట’ అన్నట్టు వినిపిస్తుంది; అసలు అర్థం దానికి పూర్తిగా ఎదురు. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో కొర్నేలీ దర్శనంలో దేవదూతని ఎవిడెంట్లీ చూశాడని ఉంది. మన తెలుగు బైబిల్ అక్కడ వాడిన మాట ‘తేటగా’. దర్శనమందు తేటగా అతనికి కనబడెను. ఆ ‘అతనికి’ని గమనించారా? చూసినవాడు ఎవరో చెప్పకుండా తెలుగు వాక్యం ముందుకి కదల్లేదు. తేట అన్నది నీళ్ళ గురించిన మాట. మడ్డి అడుక్కి దిగితే పైన తేరేది. ఎవిడెంట్లీకి పాత అర్థంలో ఇంతకన్నా మంచి తెలుగు నాకు తెలీదు.

మ్యానిఫెస్ట్లీ, పాల్పబ్లీ చేతికి సంబంధించినవి. మ్యానిఫెస్ట్‌లో మొదటి ముక్కకి మూలం లాటిన్‌లో చెయ్యి. రోమన్ న్యాయంలో దొంగతనం చేస్తూ పట్టుబడితే దాన్ని ఫుర్తుమ్ మానిఫెస్తుమ్ అనేవారు. పాల్పబుల్ అంటే తడిమితే తెలిసేది. అందుకే ఈ రెండూ ముఖాల పక్కన కన్నా వాదాల పక్కన ఎక్కువ కనిపిస్తాయి: పాల్పబ్లీ ఫాల్స్, మ్యానిఫెస్ట్లీ అన్‌జస్ట్. అరచేతిలో ఉసిరికాయ అనే మన కరతలామలకం కూడా చేతి మాటే, కానీ అది జ్ఞానానికే సరిపోతుంది. అబద్ధాన్ని కరతలామలకం అనం. అక్కడ ‘పచ్చి అబద్ధం’, ‘పచ్చి అన్యాయం’ అంటే సూటిగా ఉంటుంది.

కాన్‌స్పిక్యువస్లీని కావాలనే చివరికి ఉంచాను. దీనిలో చూసేవాడు ఒక్కడు కాదు, నలుగురూ. జాన్సన్ కాన్‌స్పిక్యువస్‌కి ఇచ్చిన అర్థాల్లో దూరం నుంచి కనిపించేది అన్నది ఒకటి, ప్రసిద్ధుడు అన్నది ఇంకొకటి. అంటే ఇది మొదట్లో పొగడ్త కూడా. కొండ మీద గుడి గోపురం ఎలా కనిపిస్తుందో అలాగ. ఆ గౌరవం సైనిక భాషలో చాలాకాలం మిగిలింది. 1856లో పెట్టిన విక్టోరియా క్రాస్ పతకం ప్రకటనలు, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, ఫర్ మోస్ట్ కాన్‌స్పిక్యువస్ బ్రేవరీ అని మొదలవుతాయి. ఆ పతకాన్ని స్థాపించిన ఉత్తర్వులోనే, శత్రువు సమక్షంలో చూపిన సాహసానికని ఉంది. చూసిన కళ్ళు లేకుండా ఆ మాట లేదు. దాన్ని ‘స్పష్టమైన ధైర్యం’ అంటే మిగతావాళ్ళది అస్పష్టమైన ధైర్యమా అనిపిస్తుంది. ‘అందరి కళ్ళెదుటా చూపిన అసమాన సాహసం’ అనాలి.

తెలుగులో దీనికి సరిజోడు ‘కొట్టొచ్చినట్టు’. నాకు ఈ మాట మీద ఎంత ప్రేమో చెప్పలేను. కాన్‌స్పిక్యువస్‌లో చూపు మనిషి నుంచి వస్తువు వైపు వెళుతుంది. కొట్టొచ్చినట్టులో వస్తువే లేచి మనిషి మీదికి వస్తుంది. చూడనని మొహం తిప్పుకున్నా వదలదు. అయితే దీన్ని పాత పొగడ్త అర్థంలో వాడలేం, శౌర్యం కొట్టొచ్చినట్టు ఉందనలేం. ‘కళ్ళకు కట్టినట్టు’తో కూడా కలిపేయకండి, అది వర్ణన గురించి, ఎదురుగా లేనిదాన్ని చూపించడం గురించి.

లేనిదే కనిపించడం అనే చమత్కారం కాన్‌స్పిక్యువస్‌కి వచ్చిన తీరు ఒక కథ. క్రీస్తు శకం 22లో రోమ్‌లో యూనియా అనే వృద్ధురాలు చనిపోయింది. ఆమె బ్రూటస్ సోదరి, కాసియస్ భార్య. సీజర్‌ని చంపిన కుట్రకి నాయకులు వాళ్ళిద్దరే. వాళ్ళు ఓడిపోయిన ఫిలిపై యుద్ధం జరిగి అప్పటికి అరవై నాలుగో ఏడు. వీలునామాలో ఊళ్ళోని పెద్దలని దాదాపు అందరినీ తలుచుకున్న ఆవిడ తిబేరియస్ చక్రవర్తిని మాత్రం వదిలేసింది. ఆయన దాన్ని మర్యాదగానే తీసుకుని, అంత్యక్రియలు ఘనంగా జరగనిచ్చాడు. ఇరవై గొప్ప వంశాల పూర్వీకుల ప్రతిమలు ఊరేగింపులో నడిచాయి. బ్రూటస్, కాసియస్‌ల ప్రతిమలు మాత్రం లేవు. ఆ కారణంగానే వాళ్ళిద్దరూ అందరికన్నా ఎక్కువగా మెరిశారని రాశాడు చరిత్రకారుడు టాసిటస్. ఇది లాటిన్‌లో. 1859లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు లార్డ్ జాన్ రస్సెల్ లండన్ సిటీ ఓటర్లకి చేసిన విజ్ఞప్తిలో, ఓట్ల సంస్కరణ బిల్లు లోపాల్లో ఒక నిబంధన ఉండటం వల్లా, ఇంకోటి లేకపోవడం వల్లా కాన్‌స్పిక్యువస్ అయ్యాయన్నాడు. మాట అందరి నోటా పడ్డాక, అది తన సొంతం కాదనీ, ప్రాచీన చరిత్రకారుల్లో మహానుభావుడొకడి నుంచి తీసుకున్నాననీ చెప్పుకున్నాడు. ఆనాటి నుంచి కాన్‌స్పిక్యువస్లీ ఆబ్సెంట్ అన్నది ఇంగ్లీషులో జంటపదం అయిపోయింది. అందులో ఎప్పుడూ ఒక ఎదురుచూపు ఉంటుంది: ఇక్కడ ఉండాల్సినవాడు. ఎవరూ ఎదురుచూడనివాడు రాకపోతే ఆ మాట వాడరు.

ఇదే మాట శాస్త్ర వచనంలోకి వెళ్ళి ఏం చేసిందో చెప్పకుండా ఉండలేను. డార్విన్‌కి ఒక చిక్కు వచ్చింది. పక్షులకీ సీతాకోకచిలుకలకీ మెరిసే రంగులు జతని ఆకర్షించడానికి అనుకున్నాడు. మరి గొంగళిపురుగులకెందుకు? అవి జతకట్టవు కదా. 1867లో ఈ ప్రశ్న తోటి ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్‌కి రాశాడు. వాలెస్ ప్రశ్నని తిప్పేశాడు. ఆ రంగు చూసేది ఇంకో గొంగళిపురుగు కాదు, దాన్ని తినడానికి వచ్చే పక్షి. రుచి చేదైతే సరిపోదు; లేత చర్మం, ఒక్క పోటుకే చస్తుంది. పొడవకముందే వద్దని తెలియాలి. అందుకే కాన్‌స్పిక్యువస్లీ రంగులు. తర్వాత జెన్నర్ వియర్ అనే ప్రకృతి పరిశీలకుడు తన పక్షిశాలలో పరీక్షించి చూస్తే, వాలెస్ ఊహ నిలిచింది. ఎవరికి కనిపిస్తోంది అన్న ప్రశ్న మారితే సిద్ధాంతమే మారింది. అనువాదకుడిగా నాకు ఇది పాఠ్యపుస్తకం లాంటిది. అలాంటి పేరాలో ‘ప్రకాశవంతమైన రంగులు’ అని రాసి వదిలేస్తే పక్షి ఎగిరిపోతుంది, వాదం కూడా దానితోనే పోతుంది. ‘దూరం నుంచే కంటపడే రంగులు’ అనండి.

చివరగా ఈ మాటకి ఇంకో నీడ ఉంది: కావాలని కనపడటం. ఒక పాత్ర ఇంకొకరితో కాన్‌స్పిక్యువస్లీ పొలైట్‌గా ఉందంటే ఆ మర్యాదలో ప్రేమ లేదు. నలుగురూ చూడాలని చేసింది. అక్కడ ‘పనిగట్టుకుని మర్యాద చేసింది’ అంటే తెలుగువాళ్ళకి ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. మరీ ఎక్కువగా కనిపిస్తే కనపడకుండా పోవడం కూడా ఉంది. 1844లో ఎడ్గార్ ఎలన్ పో రాసిన దొంగిలించిన ఉత్తరం కథలో అపరాధ పరిశోధకుడు డూపాన్ పటం ఆట గురించి చెబుతాడు. పటం మీద పేర్లు వెతికే ఆటలో కొత్తవాళ్ళు సన్నటి అక్షరాల పేరు ఎంచుకుంటారు, ఆరితేరినవాళ్ళు పటం ఈ చివర నుంచి ఆ చివరికి పరుచుకున్న పెద్ద అక్షరాల పేరు ఎంచుకుంటారు. ఎక్సెసివ్లీ ఆబ్వియస్ కావడమే వాటిని దాస్తుందంటాడు. ఆబ్వియస్ అంటే మూలంలో దారికి ఎదురుగా వచ్చేది. ‘ఎదురుగానే ఉంది, ఎవరికీ కనపడలేదు’ అనే తెలుగు వాక్యం ఆ కథకి అచ్చంగా సరిపోతుంది.

ఒక సాంకేతిక విషయం త్వరగా. ఇంగ్లీషులో ఈ మాట క్రియకి ముందో విశేషణానికి ముందో కూర్చుంటుంది, పాఠకుడికి ముందుగా చూపు తగిలి తర్వాత విషయం తెలుస్తుంది. తెలుగులో అదే వరస పట్టుకుని వేలాడక్కర్లేదు. చూపుని వాక్యం చివరికి నెట్టి ‘...అని చూడగానే తెలిసింది’, ‘...అని ఆమె కనిపెట్టింది’ అంటే మన వాక్యం హాయిగా నడుస్తుంది. ‘గా’ ప్రత్యయం వరసగా మూడు సార్లు వస్తే తెలుగు చెవికి బరువు. ఇంగ్లీషుకి ఎల్‌వై అంతగా అడ్డం రాదు, మనకి ‘గా’ వస్తుంది.

మీ వాక్యాలకి వద్దాం. మొదటిది: ‘చలికాలం వెళ్ళేసరికి పెద్దాయన డీలాపడటం చూసినవాళ్ళందరికీ తెలిసిపోతోంది.’ లేదా ఇంకా క్లుప్తంగా, ‘చలికాలం పెద్దాయన్ని కుంగదీసింది, చూస్తేనే తెలుస్తోంది.’ రెండోది: ‘విందుకి ఇంటాయన తమ్ముడు రాలేదు. ఆ లోటు అందరికీ కొట్టొచ్చినట్టు కనిపించింది.’ రెండు వాక్యాలు చేసినందుకు సంకోచించకండి, ఆ రాకపోవడానికి తనకంటూ ఒక వాక్యం దక్కాలి. మూడోదానికి మాత్రం నేను ఇప్పుడే తెలుగు చెప్పను. ఉత్తరం చదివేటప్పుడు ఆవిడ గదిలో ఒంటరిగా ఉంటే ‘ఆ ఉత్తరం ఆవిడ్ని లోలోపల తాకింది’ అనాలి. పక్కన ఎవరైనా ఉంటే ‘ఉత్తరం చదువుతుంటే ఆవిడ కదిలిపోవడం పక్కవాళ్ళకి తెలిసింది’ అనాలి. రెంటికీ ఇంగ్లీషులో ఒకటే మాట. ఆ వాక్యానికి పైనున్న పేరా కూడా పంపండి, ఆ గదిలో ఎవరెవరున్నారో చూసి చెబుతాను.